ఉండి చక్రం

నేను ఒక ఏరేటర్ చక్రాన్ని. రొయ్యల చెరువులో తిరుగుతూ నీళ్లకు గాలి అందించడం నా పని. పుట్టింది భీమవరం పక్కన ఉండిలో, సూర్యాచారి గారి వర్క్‌షాపులో.

నాకు ముందు పదిహేనేళ్లు ఆయన ఇనుప చక్రాలే చేశారు. ఉప్పునీటికి అవి తుప్పు పట్టేవి, రైతులు మళ్లీ కొనేవారు. ఎవరికీ తొందర లేదు. అంతలో మూడు కిలోమీటర్ల దూరంలో ఒక తైవాన్ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. తెల్లటి ప్లాస్టిక్ చక్రాలు, తేలిక, కరెంటు ఖర్చు తక్కువ. ఏడాది తిరక్కుండా ఆచారి గారి గుమ్మం తొక్కే రైతు లేకుండా పోయాడు. ఉన్న నలుగురు వెల్డర్లలో ముగ్గురు ఆ ఫ్యాక్టరీకే వెళ్లిపోయారు.

అటునుంచి ఇటు వచ్చింది మంగతాయారు ఒక్కతే. ఆ కంపెనీ తనిఖీ విభాగంలో రెండేళ్లు పనిచేసింది. ఎందుకు మానేశావని ఆచారి గారు అడిగితే, "అక్కడ చూడ్డమే నా పనండి. చెయ్యనివ్వరు" అంది.

అచ్చం ఆ తెల్ల చక్రంలాంటిదే చెయ్యమన్నారాయన. ఆమె ఒప్పుకోలేదు. ముందు పాడైనవి చూద్దామంది. అక్కడ నేర్చుకున్న పద్ధతి అదేనట. వారం రోజులు చెరువుల వెంట తిరిగి, మూలపడ్డ తెల్ల చక్రాలన్నీ ఆటోలో వేసుకొచ్చింది. వాకిలంతా చెత్త చేశారని ఆచారి గారి భార్య సణిగారు. సగానికి పైగా చక్రాల ఇరుసులకు నాచు బిగిసి ఉంది. వేసవిలో మా చెరువుల్లో నీరు తగ్గి నాచు బలుస్తుంది. లోతైన చెరువుల కోసం పుట్టిన చక్రానికి ఆ సంగతి తెలియదు.

నాచు చుట్టుకోకుండా జారిపోయేలా ఆమె రెక్కల్ని ఏటవాలుగా మలిచింది. పరీక్షల్లో నా అన్నలు ఆరుగురు ముక్కలయ్యారు. ఏడో అచ్చు కోసం ఆచారి గారు తన లేత్ మిషన్ అమ్మేశారు. అలా పుట్టాను నేను.

మే నెల ఎండలో రొయ్యల రైతు అబ్బులురాజు గారి చెరువులోకి నన్నూ తెల్ల చక్రాన్నీ పక్కపక్కన దించారు. గట్టు నిండా రైతులు. గంటలో తెల్ల చక్రం ఆగింది. మనిషి కొడవలితో దిగి నాచు కోశాడు. మళ్లీ ఆగింది. నన్నూ నాచు పట్టుకుంది. ఒక్క క్షణం ఒళ్లంతా బిగిసింది. ఆచారి గారు కళ్లు మూసుకున్నారు. నాచు జారిపోయింది. పొద్దు వాలేదాకా నేను ఆగలేదు.

"ఆచారి గారూ, దీన్నిక తియ్యకండి" అన్నారు అబ్బులురాజు గారు. "నాకు ఇంకో పదకొండు కావాలి. ఎప్పుడిస్తారు?"

పది రోజులకు కంపెనీ ఇంజనీరు లిన్ స్వయంగా గట్టు మీదికి వచ్చాడు. చాలాసేపు నన్ను చూసి, ఇది ఎవరి ఆలోచన అని అడిగాడు. మంగతాయారు ఆచారి గారి వైపు చెయ్యి చూపించింది.

"కాదండి, ఈ అమ్మాయిదే" అన్నారాయన. "నేను అచ్చు పోయించానంతే."

ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాల్సింది ఆమే. చెప్పలేక తల దించుకుంది. లిన్‌కు అర్థమైపోయింది.

ఇప్పుడు ఆ కంపెనీ యంత్రాలకు చక్రాలు మా వర్క్‌షాపు నుంచే వెళ్తున్నాయి. వెల్డర్లు ఇద్దరు తిరిగొచ్చారు. విదేశీ కంపెనీని ఓడించామని ఆచారి గారు వచ్చినవాళ్లందరికీ చెబుతారు. అది రాకపోయి ఉంటే ఆయన ఇంకా తుప్పు మీద రంగు పూస్తూ ఉండేవారు, నేను పుట్టేదాన్నే కాదు. ఆ సంగతి మాత్రం చెప్పరు.

నేను రాజుగారి చెరువులోనే ఉన్నాను. రెక్కలు కాస్త అరిగాయి. నా తమ్ముళ్లు ఓడలెక్కి వియత్నాం వెళ్తున్నారు. ప్రతివాడి ఒంటి మీదా 'ఉండి' అని తెలుగు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇంగ్లీషులో వెయ్యమని కంపెనీవాళ్లు అడిగితే మంగతాయారు వద్దందట.

"చదవలేకపోతే ఇదేంటని అడుగుతారు కదండి" అందట. "అప్పుడు మన ఊరి పేరు చెప్తాం."