రాములవ్వ నేసిన కట్టుగుడ్డ

1977 నవంబరు 19, శనివారం. ఆ పూట నేతగాళ్లుండే మట్టెవాడలో బాలకిషన్ ఇంట్లో సర్వపిండి రొట్టె తిన్నారు. భార్య పోయినప్పటి నుంచి వంట అతనిదే. ఒక పక్క మాడింది. తల్లి రాములవ్వ ఆ మాడిన ముక్కనే తన పళ్లెంలో వేసుకుని, కరకరలాడుతోంది, బాగుందన్నది. అదే రోజు సముద్రం దివిసీమ మీదికి వచ్చి ఊళ్లకు ఊళ్లను మింగిందని వాళ్లకు తర్వాత రేడియోలో గాని తెలియలేదు.

డిసెంబరులో ఆ తుపాను నేల నుంచే చేనేత సంఘానికి పని వచ్చింది. అక్కడ డేరాలు వేసుకుని వైద్యం చేస్తున్న డెన్మార్కు డాక్టర్లకు గాయాలకు కట్టే పలుచని గుడ్డ కావాలి. ముళ్లకంపలు, ఇనుపరేకులు చీరిన పుండ్లు ఇంకా మానడం లేదు. తెచ్చుకున్న గుడ్డ అయిపోవచ్చింది. బి.ఏ. చదివి సంఘంలో గుమాస్తాగా ఉన్న బాలకిషన్ ఇంగ్లీషులో జవాబు రాశాడు. మచ్చు గుడ్డ నేసే పని, వాడలో మంచి చెయ్యి అని రాములవ్వకు ఇచ్చారు.

ఆ మచ్చు తిరిగొచ్చింది. నిలువు పోగుల పడుగు పలుచగానే పోశారు గాని, అడ్డంగా వేసే పేకపోగును ఆమె ఎప్పటిలాగే మగ్గం పలకతో దగ్గరికి కొట్టింది. గుడ్డ దుప్పటిలా దిట్టంగా వచ్చింది. రెండోసారీ అంతే. ఇంకోసారి తప్పితే పని మిల్లుకు పోతుందని కబురు. వాడలో సగం మగ్గాలు ఆ పని మీదే ఆశ పెట్టుకుని ఉన్నాయి.

"వదినే, కిటికీ పెట్టుమంటే గోడ గట్టినవ్," అన్నాడు సంఘం పెద్ద రాజలింగు.

"నలభై ఏండ్ల సంది కొట్టిన చెయ్యి. ఇప్పుడు కొట్టకంటే ఇంటదా?" అన్నది రాములవ్వ. నవ్వలేదు. అంతకు ముందు ఆమె గుడ్డ ఎన్నడూ వెనక్కి రాలేదు.

మూడోసారి మచ్చు కోసం ఆ డాక్టర్ల దగ్గర పనిచేసే కిర్‌స్టెన్ అనే నర్సే రైల్లో వచ్చింది. మర్నాడు పొద్దున్నే తిరిగిపోవాలి. దిట్టమైన గుడ్డ చీమును పీల్చక పుండుకు అంటుకుపోతుందని, విప్పేటప్పుడు పిల్లలకు కొత్తగా వచ్చిన చర్మం కూడా లేచిపోతుందని ఆమె చెప్తుంటే బాలకిషన్ తెలుగులో వినిపించాడు. రాములవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుని మగ్గం గుంటలోకి దిగింది. జానెడు నేసింది. మళ్లీ దిట్టంగానే వచ్చింది. పోగు పోగూ ఊడదీసింది. దీపాల వేళ దాకా అదే వరస.

బాలకిషన్ అన్నం, పప్పు వడ్డించాడు. కిర్‌స్టెన్ తిని, మగ్గం పక్కన గోడకు ఒరిగి చూస్తూ చూస్తూ అట్లాగే నిద్రపోయింది. డేరాల్లో గాలి వీచినప్పుడల్లా పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారనీ, తనకు సరిగా నిద్ర లేదనీ ఆమె అంతకు ముందే చెప్పింది. లాడ్జికి పంపుదామని బాలకిషన్ లేపబోయాడు.

"లేపకురా. పండుకోనియ్యి. ఎన్నడు పండుకున్నదో ఏమో," అన్నది తల్లి. అతను దుప్పటి తెచ్చి కప్పాడు.

మగ్గం మళ్లీ కదిలింది. బాలకిషన్ గిన్నెలు సర్దుతూ కాసేపటికి గాని గమనించలేదు, ఇంట్లో చప్పుడు మారింది. ఎప్పుడూ ధన్ ధన్ మనే పలక, చంటిపిల్లను జోకొట్టినట్టు మెల్లగా పడుతోంది. తల్లి గుడ్డ వైపు చూడటమే లేదు. నర్సు ముఖం వైపే చూస్తూ నేస్తోంది. అతను దగ్గరికి వెళ్లి నేసినంత గుడ్డ కింద వేళ్లు పెట్టాడు. బల్బు వెలుగు గుడ్డలోంచి దిగి వేళ్ల మీద పడింది.

"అవ్వా, ఇదే," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏది?" రాములవ్వ అప్పుడు చూసుకున్నది. "గిట్లనా? నేనైతే పిల్ల లేస్తదని మెల్లగ కొట్టిన."

చేతిని ఆపలేదు. మళ్లీ నర్సు వైపే చూస్తూ పోగు వేసింది.

ఏమైందో కనుక్కోవడానికి రాజలింగు బయటి నుంచే కేకేస్తూ వచ్చాడు. బాలకిషన్ గడప దగ్గరికెళ్లి పెదవుల మీద వేలు పెట్టి, లోపలికి చూపించాడు. పెద్దాయన తొంగి చూశాడు. గుడ్డను చూశాడు, నిద్రపోతున్న మనిషిని చూశాడు.

"పొద్దుగాల అన్ని మగ్గాలోళ్లను తోలుకస్త," అన్నాడు గుసగుసగా. "ఎట్ల కొట్టాల్నో వదిననే సూపియ్యాలె."

చెప్పులు చేతిలో పట్టుకుని మెట్టు దిగి వెళ్లాడు. వీధిలో రిక్షా గంట ఒకటి మోగింది. లోపల కిర్‌స్టెన్ ఒకసారి కదిలి, దుప్పటి మీదికి లాక్కున్నది. రాములవ్వ పలక పట్టుకుని ఆగి, ఆమె ఊపిరి మళ్లీ సాఫీ అయ్యాక నేయసాగింది.

బాలకిషన్ గొళ్లెం చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, నెమ్మదిగా తలుపు మూశాడు.