అరగని సబ్బు

"చేతులు కడుక్కున్నావా?" అని అడిగింది అత్తగారు, కోడలు ఇంకా చెప్పులైనా విప్పకముందే.

"ఆస్పత్రిలో కడుక్కునే వచ్చాను అత్తయ్యా."

"అక్కడ కడుక్కున్నది అక్కడికే. మళ్ళీ కడుక్కో. మోచేతుల దాకా."

కడుక్కుంది. మూడు నెలలుగా రోజూ ఇదే వరస. ఆమె పిల్లల వార్డులో నర్సు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొటనవేళ్ళ చుట్టూ ఎలా రుద్దాలో కొత్తగా చేరిన అమ్మాయిలకు నేర్పేది ఆమే. కడిగీ కడిగీ కణుపుల దగ్గర చర్మం పగిలి, సబ్బు తగిలితే చాలు చుర్రుమంటుంది. అయినా తన రెండేళ్ళ పాపకు నాలుగుసార్లు వాంతులూ విరేచనాలూ పట్టుకునేసరికి, ఇంటిల్లిపాది కళ్ళూ ఆ చేతుల మీదే పడ్డాయి.

"ఆ వార్డు రోగాలన్నీ మూటగట్టుకొస్తోంది" అని అత్తగారు ఫోన్లో ఎవరితోనో అనడం వింది. భర్త అలా మొరటుగా అనడు. "నువ్వు కావాలని తెస్తావని కాదు. తల్లివి కదా, ఆలోచించుకోవాలి" అంటాడు మెత్తగా. ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకునేది. ఉద్యోగం మానేస్తున్నట్టు ఉత్తరం కూడా అతనే రాసిపెట్టాడు, సంతకం ఒక్కటే తక్కువ. అలా అనగా అనగా ఆమెకూ తన చేతుల మీద అనుమానం పుట్టింది. పాప చేతులు చాచి వస్తే ఒక అడుగు వెనక్కి వేసేది. కంచం ముట్టుకోవడం మానేసింది. సాయంత్రాలు పాపకు భర్తే తినిపించేవాడు. "ఏ తండ్రి చేస్తాడమ్మా ఇంత!" అని అత్తగారు మురిసిపోయేది.

పాప కంచాన్ని ఆమె ముట్టుకోక పదహారు రోజులైంది. పదిహేడో రోజు పాపకు మళ్ళీ విరేచనాలు.

ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు. అనుమానం దారి మళ్ళింది. వార్డులో ఒకరి నుంచి ఒకరికి జబ్బు పాకితే ఎలా వెతుకుతుందో ఇంట్లోనూ అలాగే వెతకడం మొదలుపెట్టింది. తాగే నీళ్ళు కాచినవే. పాల గిన్నె శుభ్రంగానే ఉంది. అత్తగారి చేతుల్ని దొంగచాటుగా గమనించింది. తప్పు దొరికితే బాగుండునని కూడా అనుకుంది. దొరకలేదు. ఆవిడ బాగానే కడుక్కుంటుంది.

ముందు గది పక్కనున్న చిన్న బాత్రూమ్ భర్త ఒక్కడిదే. వాడేది అతను, కడిగేది ఆమె. ఆదివారం అక్కడ కొత్త సబ్బు పెట్టింది. గురువారం కడగడానికి వెళితే, సబ్బు మీద అచ్చుగుద్దిన అక్షరాలు అలాగే ఉన్నాయి. ఎండిపోయి, అంచులైనా అరగకుండా. తన అనుమానం మీద తనకే అనుమానం వచ్చి ఇంకో రెండు రోజులు ఆగింది. శనివారం సాయంత్రం తలుపు బయట నిలబడింది. లోపల కుళాయి తిరిగింది. మనసులో లెక్కపెట్టింది: ఒకటి, రెండు, మూడు. ఆగిపోయింది. భర్త బయటికొచ్చి, నేరుగా పాప కంచం అందుకున్నాడు.

"ఆగండి. ఒకసారి చేతులు చూపించండి."

"ఏంటి, నన్నే అనుమానిస్తున్నావా?"

"అవును."

లోపలికి వెళ్ళి సబ్బు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఆరు రోజులైంది. దీని పేరు ఇంకా చదువుకోవచ్చు."

అతను నవ్వాడు. "ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాణ్ణి, నాకేం మురికి ఉంటుంది? నీలాగా రోగుల్ని ముట్టుకుంటానా? నువ్వైనా చెప్పమ్మా."

అత్తగారు కొడుకు వైపు చూడలేదు. పమిట కొంగు సర్దుకుంటూ మెల్లగా అంది: "వాడికి చిన్నప్పట్నుంచీ అంతే. కుళాయి తిప్పి వచ్చేస్తాడు."

"మీకు తెలుసా అత్తయ్యా?"

"మగాడు... చెబితే చిన్నబుచ్చుకుంటాడని" అంది ఆవిడ.

ఆమెకు కోపం కూడా వెంటనే రాలేదు. ఆవిడ తెలిసే తనను రోజూ కడుక్కోమందన్న మాట, గుమ్మంలో, మోచేతుల దాకా. పాప ఎత్తుకోమని ఏడ్చిన రోజులు, తను గోడకు ఆనుకుని చేతులు వెనక్కి దాచుకున్న రోజులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"ఇదే కారణమని నేను ఒట్టు వేసి చెప్పలేను" అంది చివరికి. "మీరిద్దరూ మాత్రం నా చేతులే కారణమని ఒట్టేసినంత పని చేశారు."

పాపను ఎత్తుకుంది. ఎన్నాళ్ళకో దొరికిన తల్లి మెడను పాప రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"నేను ఉద్యోగం మానడం లేదు. ఆస్పత్రిలో ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే గది ఉంది. సోమవారం నుంచి పాప నాతోనే వస్తుంది."

"నా కూతుర్ని నన్నడక్కుండా ఎక్కడికి తీసుకెళ్తావ్?" భర్త గొంతు పెరిగింది.

"మీరూ రావచ్చు" అందామె. "లోపలికి వెళ్ళే ముందు అందరూ చేతులు కడుక్కోవాలి. పక్కన ఒక ఆయా నిలబడి చూస్తుంది."