ఈ-ఆరు వెలిగిన దసరా

నేను ఒక ఫ్రిజ్‌ని. రెండు తలుపులదాన్ని, ఒకప్పుడు వెండి రంగుదాన్ని. పైన ఫ్రీజర్. కింద కూరగాయలు, పెరుగు, ఎవరూ తినరని తెలిసినా పారేయడానికి చేతులు రాని నిన్నటి పులిహోర. మీ ఇంట్లోనూ నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. మీరు దాని తలుపు తీసి, ఏం కావాలో గుర్తురాక, చల్లగాలికి కాసేపు నిలబడి మళ్ళీ మూసేస్తుంటారు. మాకది అలవాటే.

నేను పుట్టింది ఒక పెద్ద ఫ్యాక్టరీలో. రేకు వంచి, మధ్యలో నురగ నింపి, వెనక కంప్రెసర్ బిగించి, చివర్లో తలుపు మీద అగ్గిపెట్టెంత తెర ఒకటి అతికించారు. తలుపు తెరిచి వదిలేస్తే పెట్టే కూత ఒకటి తప్ప, నేను మాట్లాడాల్సింది దాంట్లోనే. ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అంకె. నాకు నేర్పిన మాటలు పట్టుమని పది లేవు, అందులో ఒక్కటీ మంచి మాట కాదు. సెన్సర్ పోయింది, ఫ్యాన్ తిరగడం లేదు, ఇలాంటివే. బాగున్నానని చెప్పడానికి కోడ్ లేదు. బాగున్నంతకాలం నోరు మూసుకుని పడి ఉండాలి.

నా మొదటి యజమాని సూర్యప్రకాశం గారు బ్యాంకు ఆఫీసరు. నాతోపాటు వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మనిషి భూప్రపంచంలో ఆయన ఒక్కరే అయి ఉంటారు. నా తెర మీద ఏదైనా వెలిగితే కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ తీసి ఇల్లంతా వినిపించేలా చదివేవారు. ట్రాన్స్‌ఫర్ వచ్చినప్పుడు నన్ను తణుకులో రైసుమిల్లు గుమస్తా వీరబాబుకి అమ్మేశారు. పుస్తకాన్ని మాత్రం తనతో పట్టుకెళ్ళిపోయారు.

వీరబాబు ఇంట్లో నన్ను వీధి గదిలో పెట్టారు. వంటింట్లో చోటు లేక కాదు, వచ్చేవాళ్ళకి కనబడాలని. ఆ ఇంట్లో వీరబాబు తల్లి మంగతాయారు, భార్య నాగవేణి, ఆర్నెల్ల పాప ఉండేవాళ్ళు. నాగవేణి పోలీసు కానిస్టేబులు. ప్రసవానికి పెట్టిన సెలవు దసరాతో అయిపోతోంది, అవగానే పొరుగు జిల్లాలో జాతర బందోబస్తుకి వెళ్ళాలి. పాపకి డబ్బా పాలు పడవు. పట్టించిన ప్రతిసారీ కక్కేసేది. అందుకని ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పినట్టు నాగవేణి రోజూ తన పాలు పిండి, చిన్న చిన్న కవర్లలో పోసి, తారీఖు రాసి నా ఫ్రీజర్లో పేర్చేది. తను లేని రోజులకి పాపకి అవే ఆధారం.

మంగతాయారుకి ఇది బొత్తిగా నచ్చలేదు. తల్లి పాలు తీసి పెట్టెలో దాచడం ఏమిటని, వీధిలో తెలిస్తే తల ఎత్తుకోలేమని ఆవిడ బాధ. కోడలు వినే రకం కాదు కాబట్టి ఆవిడే సర్దుకుంది. ఎవరైనా ఫ్రీజర్ తలుపు తీస్తే కనబడకుండా కవర్లకి అడ్డంగా బఠాణీల డబ్బా పెట్టింది. పొరపాటున ఎవరైనా అడిగితే కొబ్బరిపాలని చెప్పడానికి కూడా సిద్ధపడింది.

దసరాకి ఆయుధ పూజ వచ్చింది. ఆ ఇంట్లో ఆయుధమంటే కరెంటుతో గానీ పెట్రోలుతో గానీ నడిచేదేదైనా సరే. మిక్సీకి బొట్టు, మోటారు సైకిలుకి బొట్టు, కోడలి లాఠీకి బొట్టు. అన్నిటికన్నా పెద్ద వస్తువుని కాబట్టి నాకు మామిడాకులు కలిపి గుచ్చిన పెద్ద బంతిపూల దండ. గోడకైతే మేకు కొడతారు, నాకెలా కొడతారు? మంగతాయారు కాసేపు ఆలోచించి, ఫ్రీజర్ తలుపు తీసి, దండ దారం కొసలు రెండూ రబ్బరు అంచు మీద పెట్టి తలుపు గట్టిగా నొక్కి మూసింది. దండ నిలబడింది. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు. పూలు వాడాక ఆవిడ దండ లాగేసింది. మామిడాకు కాడతో సహా ముడిపడిన దారం ముక్క ఒకటి తెగి రబ్బరు సందులో ఉండిపోయింది. ఆ సంగతి ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. తలుపు మూసినట్టే ఉంది, లోపల లైటు ఆరిపోతూనే ఉంది.

ఆ సందులోంచి తడిగాలి దూరింది. దూరిన తేమ మంచై ఫ్యాన్ చుట్టూ పేరుకుంది. ఫ్యాన్ ఆగింది. నాగవేణి బందోబస్తుకి వెళ్ళిన మర్నాడు పొద్దున నా తెర మీద ఈ-ఆరు వెలిగింది. ఫ్యాన్ తిరగడం లేదని దాని అర్థం. ఎందుకు తిరగడం లేదో చెప్పే మాట నాకు నేర్పలేదు.

వీరబాబు నా స్విచ్చి కట్టేసి మళ్ళీ వేశాడు. నా తెర తుడిచిన పలకలా అయింది. తగ్గిపోయిందని తల్లికి చెప్పి మిల్లుకి వెళ్ళాడు. కోడ్ కనబడకపోతే జబ్బు పోయిందనుకోవడం మనుషులకు ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు. సాయంత్రానికి మళ్ళీ చెప్పాను. మళ్ళీ కట్టేసి వేశాడు. మూడోసారి ఫోన్లో వెతికాడు. ఫోను ఏదో వాషింగ్ మెషీన్ సంగతి చూపించి, నీళ్ళ గొట్టం మడతపడిందేమో చూసుకోమంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని నా వెనక గొట్టం కోసం చాలాసేపు వెతికాడు. ఒక్కో కంపెనీది ఒక్కో భాష, ఒకడి తిట్టు ఇంకొకడికి వర్తించదు. మెకానిక్కి ఫోన్ చేస్తే, బోర్డు పోయి ఉంటుంది, పండగకి ఊరెళ్ళాను, వచ్చాక చూస్తానన్నాడు. మంగతాయారు మాత్రం ఇది దిష్టేనని తేల్చి, ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పడేసింది. ఆ రోజుల్లో నాకు జరిగిన చికిత్సలన్నిటిలో నాకేమీ హాని చేయనిది అదొక్కటే.

మర్నాడు వీరబాబు మిల్లుకి వెళ్ళాక పాప ఆకలికి ఏడ్చింది. మంగతాయారు ఫ్రీజర్ తీసి ఒక కవరు పట్టుకుంది. అంచులు మెత్తగా తగిలాయి. ఇంకోటి నొక్కింది, అదీ అంతే. మధ్యలో ఇంకా గడ్డగానే ఉన్నాయి, కానీ ఎంతసేపు ఉంటాయి? కోడలు రావడానికి ఇంకా రోజులు పడుతుంది. ఇవి పోతే పసిదాని నోట్లో పోయడానికి ఇంకేమీ లేదు. నా తెర మీద ఈ-ఆరు వెలుగుతూనే ఉంది. అంతకన్నా గట్టిగా చెప్పడం నాకు రాదు. ఆ పూట నాకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆవిడ ఆలోచిస్తూ నిలబడలేదు. ఒక కవరు పాపకి పట్టడానికి అట్టేపెట్టి, మిగతావన్నీ స్టీలు క్యారేజీలో సర్ది, పాపని చంకనేసుకుని ఎదురింటి గుమ్మంలోకి వెళ్ళింది. ఆ ఇల్లు జులేఖా గారిది. వీధి గదిలో ఉండటం వల్ల నాకు అంతా కనబడింది. జులేఖా గారు ఏమిటని అడిగారు. బఠాణీల డబ్బా గానీ కొబ్బరిపాలు గానీ మంగతాయారుకి గుర్తు రాలేదు.

"మా కోడలి పాలండీ, పాపకి. మా ఫ్రిజ్ పాడైంది. మీ పెట్టెలో కాస్త చోటివ్వండి."

వీధి కుళాయి దగ్గర ఉన్నవాళ్ళంతా విన్నారు. జులేఖా గారు క్యారేజీ అందుకున్నారు. ఆవిడ ఫ్రీజర్ నిండా మాంసం ఉంది.

"దీనికి అడగాలా అక్కా? మాంసానికేముంది, ఇవాళే వండేస్తాను."

ఆ మధ్యాహ్నం పండగ కాదు, పెళ్ళి కాదు, వీధి వీధంతా బిరియానీ వాసన. ఎందుకని అడిగిన ప్రతివాళ్ళకీ కారణం తెలిసింది. మంగతాయారు భయపడ్డట్టు ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి, కవర్లు ఎక్కడ దొరుకుతాయని అడిగి వెళ్ళారు.

పాలు వెళ్ళిపోయాక నన్ను కట్టేసి, రెండు తలుపులూ బార్లా తెరిచి ఉంచారు. లోపలి మంచంతా కరిగి గదంతా నీళ్ళయింది. పాప నిద్రపోయాక మంగతాయారు గుడ్డ పట్టుకుని నన్ను తుడుస్తూ ఫ్రీజర్ రబ్బరు మీద వేలు పోనిచ్చింది. వేలు ఒకచోట ఆగింది. గోరుతో లాగితే పసుపు దారం, దానికి ఎండిన మామిడాకు కాడ. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆ తడి గచ్చు మీదే కూర్చుండిపోయింది. సాయంత్రం స్విచ్చి వేశారు. ఫ్యాన్ తిరిగింది. ఈ-ఆరు మళ్ళీ రాలేదు.

బందోబస్తు నుంచి నాగవేణి యూనిఫాంలోనే పరుగున వచ్చి ముందు నా ఫ్రీజర్ తలుపు తీసింది. ఖాళీగా ఉంది. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. మంగతాయారు వెనకనుంచి వచ్చి, నేను ఎందుకు పాడయ్యానో చెప్పి, దారం ముక్క ఆమె చేతిలో పెట్టింది.

"తప్పు ఫ్రిజ్‌ది కాదమ్మాయ్. దండ కట్టింది నేను."

"పాలేవి అత్తయ్యా?"

"జులేఖా గారింట్లో భద్రంగా ఉన్నాయి. వీధంతా తెలుసులే."

నాగవేణి అత్తగారి ముఖంలోకి చూసింది. ఆవిడ తల ఎత్తుకునే ఉంది. అప్పుడు నాగవేణి టోపీ తీసి నా మీద పెట్టి, అత్తగారి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. తలుపు తెరిచే ఉందని నేను కూత పెడుతూనే ఉన్నాను. ఎవరూ మూయలేదు.

ఇప్పుడు నా వెండి రంగు పోయింది, కింద తుప్పు కూడా మొదలైంది. నేను కాస్త కూత పెడితే చాలు, మంగతాయారు ముందు వచ్చి పిల్లల నుదురు తాకి చూసినట్టు నా రబ్బరు అంచు చుట్టూ వేలు తిప్పి చూస్తుంది. స్విచ్చి దగ్గరికి ఎవరినీ వెళ్ళనివ్వదు.

ఆ మరుసటి దసరాకి కూడా పెద్ద దండ గుచ్చింది. నేను ఎదురుచూశాను. ఆవిడ దండ పట్టుకుని నా ముందు నుంచే వీధి దాటి వెళ్ళి, జులేఖా గారిని అడిగి, వాళ్ళ ఫ్రిజ్ నెత్తిన జాగ్రత్తగా పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చింది. నాకు ఒక బొట్టు పెట్టింది. దండ లేనందుకు నాకేమైనా బాధ కలిగిందేమో మీకు చెప్పలేను. దానికి కోడ్ లేదు.