ఐదేళ్ళ అనుభవం

ఇంటి ముందుగదిలోని ఆడిటరు ఆఫీసు బల్ల మీద టీ గ్లాసులు మిగిల్చిన మరకల్ని ఆమె తుడుస్తుంటే, ఫైల్లోంచి తలెత్తకుండానే అన్నాడు భర్త: "మొగుడికి కాస్త చేయిసాయం చేసినందుకు సర్టిఫికెట్టేమిటోయ్! రేపు మా అమ్మ కూడా వంటకి అడుగుతుందేమో!"

ఎదురు కుర్చీలోని బట్టల కొట్టాయన మర్యాదకి నవ్వాడు. ఆయన లెక్కల్లో తప్పు నిన్న పట్టుకున్నది ఆమే. ఆమె కూడా నవ్వింది. వంటింట్లోకి వచ్చాక, ఆ నవ్వు తన ముఖం మీదికి ఎలా వచ్చిందా అని ఒళ్ళు మండింది.

కాలు నిలవలేదు. పొయ్యి దగ్గరికి, కిటికీ దగ్గరికి, మళ్ళీ ఫోను దగ్గరికి. పన్నుల మీద పరిశోధన చేద్దామని ఏడాదిగా కనిపించిన ప్రకటనల్లా చదువుతోంది. ఒకచోట వయసు దాటిపోయింది. ఒకచోట లెక్చరర్లకే ఇస్తామన్నారు. ఇంకోచోట సీటుంది, డబ్బు లేదు. ఫీజుకి భర్తనడగడమంటే కొరివితో తల గోక్కోవడమే. చివరికి ఒక్క ఫెలోషిప్ దొరికింది. ఫీజు వాళ్ళే కడతారు, హాస్టల్లో గది, నెలనెలా భత్యం. అడిగిందల్లా ఈ రంగంలో ఐదేళ్ళ ఉద్యోగానుభవం, యజమాని సంతకంతో. గడువు ఈ సాయంత్రం.

రిటర్నుల గడువు దగ్గరపడితే ఈ ఇంట్లో ఆమె భోజనం నిలబడే. ఒక చెవి కుక్కర్ మీద, ఒక కన్ను కంప్యూటర్ మీద. కింద సంతకం ఆయనది. "నీకేం తల్లీ, నీడపట్టున కూర్చుని చేసే పని" అంటుంది అత్తగారు. "మా ఆవిడకి కాలక్షేపం" అంటాడాయన, వచ్చినవాళ్ళతో. కాలక్షేపానికి ఎవరైనా జీతమిస్తారా?

చేతులు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది.

జీతం! ఎనిమిదేళ్ళుగా ఆఫీసు ఖర్చుల్లో, జీతాల పద్దు కింద, ఆమె పేరుంది. తన పన్ను తగ్గుతుందని ఆయనే రాయించాడు. దాని మీద ఆమె పేరున రిటర్ను కూడా ఏటా వెళ్తోంది. నింపేది ఆమే. బ్యాంకులో పడ్డ మర్నాడే ఆ డబ్బు ఆయన ఖాతాలోకి వెళ్ళిపోయేది. ఆమె చేతికి తడైనా తగల్లేదు.

బట్టల కొట్టాయన వెళ్ళేదాకా ఆగి, సర్టిఫికెట్ కాగితం పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"మళ్ళీ మొదలా?"

"ఒక్క మాట చెప్పండి. నేను మీ దగ్గర ఉద్యోగినా, కాదా?"

"పిచ్చి ప్రశ్న. నా పెళ్ళానివి."

"అయితే జీతాల్లోంచి నా పేరు తీసేసి, పాత లెక్కలన్నీ సవరించి పంపుతాను. తేడా వచ్చిన పన్ను మీరు కట్టండి."

ఆయన చూపు ఆమె ముఖం మీంచి కాగితం మీదికి జారింది. లోపల్నుంచి అత్తగారు "టీ ఏమైందే?" అని కేకేసింది.

"ఉద్యోగివే, సరేనా?" పళ్ళ బిగువున అని, సంతకం గీకి ముద్ర కొట్టాడు. "ముచ్చట తీరిందిగా, ఇక వెళ్ళి అమ్మకి టీ ఇయ్యి."

ఆమె కదల్లేదు. సిరా ఆరేదాకా ఊది, ఆ కాగితం తీసుకుని, మరొకటి పెట్టింది.

"ఇదేమిటి?"

"రాజీనామా అండీ. నెల నోటీసు."

"ఆ సీటు ఇంకా రానేలేదుగా!"

"రాకపోయినా ఇంతే," అంది. "ఈ నెల జీతం మాత్రం నా చేతికివ్వండి."