గిడియన్ వరుస తప్పించిన గంటలు

వింటర్‌బోర్న్ దొరగారికి వేసిన శిక్ష చెల్లదని పార్లమెంటు తీర్మానించిందన్న వార్త ఉదయమే ఊరికి చేరింది. అందరూ చర్చి గోపురం కింద గుమిగూడారు. గంటల తాళ్ల దగ్గర ఐదుగురు సిద్ధంగా ఉన్నారు. పెద్ద గంట తాడు మాత్రం ఖాళీగా వేలాడుతోంది. దాన్ని లాగాల్సిన నా మొగుడు గిడియన్ మా వంటింట్లో బూట్లు తుడుచుకుంటున్నాడు.

"మూడుసార్లు తుడిచావు, ఇక చాలు," అన్నాను.

"దొరసానమ్మ ఒప్పుకోదు టాబితా. ఏ మొహంతో వెళ్లను?"

రాజైనా చట్టానికి లోబడాల్సిందే అన్నందుకు రాజద్రోహం మోపి ఆరేళ్ల క్రితం లండన్‌లో దొరగారి తల తీశారు. రాజుగారికి గండం తప్పిందని ప్రతి చర్చిలోనూ సంబరంగా గంటలు మోగించాలని ఉత్తర్వు వచ్చింది. మావాళ్లూ మోగించారు. అప్పటినుంచి దొరసానమ్మ గిడియన్‌తో మాట్లాడలేదు.

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. గోపురం గుమ్మంలోనే ఆవిడ ఎదురైంది. వెనక ఇద్దరు బీరు పీపా దొర్లించుకొస్తున్నారు.

గిడియన్ టోపీ తీశాడు. "అమ్మా, ఆ రోజు మోగించింది నేనే. వద్దంటే వెళ్లిపోతాను."

"తెలుసు. గిడియన్, ఈ చుట్టుపక్కల వరుస తప్పని గంటలు ఎవరివి?"

"మావేనమ్మా."

"ఆ రోజు ఒక్క వరుసైనా కుదిరిందా? అటక మీంచి గిన్నెలు పడ్డట్టు మోగాయి. కిటికీ దగ్గర కూర్చుని విన్నాను. ఊళ్లో మాకూ మనుషులున్నారనుకున్నాను. నీతో మాట్లాడితే అనుమానం వచ్చి నిన్నూ పట్టుకుపోతారని ఊరుకున్నాను."

గిడియన్ చెవులు ఎర్రబడ్డాయి. మూడో గంట మోగించే జోయెల్ లోపలినుంచి మాట అందుకున్నాడు: "మేం తాగి మోగించామని పక్కూరివాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారమ్మా. ఈయన మమ్మల్ని నోరు విప్పనిస్తేనా?"

"ఆ రోజు చెయ్యి బెణికి వరుస తప్పిందని కదా నాకు చెప్పావు?" అన్నాను మొగుడితో.

"నీకు చెబితే బావి దగ్గర అందరికీ తెలిసేది."

దొరసానమ్మ ఫక్కున నవ్వింది. "ఇవాళ మాత్రం వరుస తప్పితే పీపా వెనక్కి పోతుంది, వెళ్లు."

గిడియన్ అరచేతులు రుద్దుకుని తాడు అందుకున్నాడు. ఆరు గంటలూ ఒకదాని వెనక ఒకటి వరుసగా మోగాయి. దొరసానమ్మ నా పక్కనే నిలబడి, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వింది.

"మూడోది కాస్త తొందరపడుతోంది," అంది.

"జోయెల్ కదమ్మా, ధ్యాసంతా పీపా మీదే."

"పోనీలే," అని ఆవిడే మూత తీయమంది.