మంచు బుడగ, మాస్టారి ఊపిరి

బ్యాండు మాస్టారు ఆస్పత్రి మంచం మీద రెండు సన్నటి గొట్టాలను ఒళ్లో పెట్టుకుని, వాయిద్యాల కొట్లో బేరానికొచ్చిన మనిషిలా తిప్పి తిప్పి చూశారు. అవి డాక్టరమ్మ రోగులకు చూపించడానికి ఉంచుకున్న నమూనాలు. ఒకదాని కొస పెన్సిలు ములుకులా ఉంది. రెండోదాని కొసన ముడుచుకున్న చిన్న బుడగ ఉంది.

"రెండూ తొడ దగ్గర రక్తనాళంలోంచి గుండెలోకి వెళ్ళేవే," అంది డాక్టరమ్మ. "ఊపిరితిత్తుల నుంచి గుండెకొచ్చే నాళాల మూతుల దగ్గర మీకు దడ పుడుతోంది. ఈ ములుకు అక్కడ చుక్క పక్కన చుక్క పెడుతూ కాల్చి దడ దారి మూసేస్తుంది. ఈ బుడగ మూతికి అడ్డంగా కూర్చుని చుట్టూ ఒకేసారి మంచులా గడ్డకట్టిస్తుంది."

"ఏది మంచిదమ్మా?" అంది మాస్టారి భార్య.

"ములుకుతో చాలాసేపు పడుతుంది. అది వేడెక్కిపోకుండా కొసనుంచి సెలైన్ కారుతూనే ఉంటుంది. ఆ నీరంతా ఒంట్లోకే. మాస్టారి గుండె అసలే నీరసంగా ఉంది, కాళ్ళు ఉబ్బుతున్నాయి. అందుకే నేను బుడగ వైపు మొగ్గుతున్నా. కాకపోతే ఒక చిక్కుంది. కుడివైపు నాళం పక్కనుంచే ఊపిరి కండరానికి వెళ్ళే నరం పోతుంది. దానికి చలి తగిలితే మొద్దుబారొచ్చు. చాలామందికి కొన్నాళ్ళకు తిరిగొస్తుంది. ఎవరో ఒకరికి రాకపోవచ్చు."

మాస్టారు బుడగ ఉన్న గొట్టాన్ని తీసి మంచం మీద పెట్టేశారు. మీసాలు మొలిచినప్పటి నుంచి ఆయన క్లారినెట్ వాయిస్తున్నారు.

"నాకు ములుకే ఖాయం చెయ్యండి."

"కాళ్ళు చూసుకున్నారా? చెప్పుల్లో పట్టడం లేదు," అంది భార్య.

"కాళ్ళతో వాయిస్తానా ఏంటి?"

"వాయించడానికి ముందు మనిషి ఉండొద్దూ?"

"ఊపిరి లేకపోతే నేనుండి ఏం లాభం?"

ఆవిడ కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. సాయంత్రంలోగా చెప్పమని డాక్టరమ్మ వెళ్ళిపోయింది. బీపీ చూడటానికి నర్సు ఉండిపోయింది.

మాస్టారు చెయ్యి చాపి అడిగారు.

"అమ్మాయ్, నరానికి చలి తగిలిందని మీకెలా తెలుస్తుంది?"

"నరానికి పైనుంచి కరెంటుతో చిన్న చిన్న తట్లు ఇస్తూ ఉంటాం మాస్టారూ. తట్టినప్పుడల్లా ఊపిరి కండరం ఎగురుతుంది, వెక్కిళ్ళొచ్చినట్టు. నేను పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని నిలబడతా. ఎగిరినప్పుడల్లా 'ఉంది' అంటా. నా నోటివెంట 'ఉంది' రాకపోతే బుడగ ఆపేస్తారు. ఎందుకని కూడా అడగరు."

"మెషీన్లు లేవా?"

"ఉన్నాయి. అయినా చెయ్యి కూడా ఉండాల్సిందే అంటారు డాక్టరమ్మ."

"మధ్యలో నీకు తుమ్మొస్తే?"

"బుడగ ఆగిపోతుంది."

కిటికీ దగ్గర నవ్వు వినపడింది.

"నవ్వకు. నువ్వు కోపంలో ఉన్నావు," అన్నారు మాస్టారు. నర్సు చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకున్నారు. "ఇక్కడా?"

"ఇంకాస్త కుడికి."

ఆయన కళ్ళు మూసుకుని నిదానంగా గాలి పీల్చారు. నర్సు అరచెయ్యి పైకి లేచింది. లేస్తూనే ఉంది. అంత పొడుగు ఊపిరి ఆమె ఎవరిలోనూ చూడలేదు.

"ఇదీ నా వాటం. గుర్తుపెట్టుకో," అన్నారు. భార్య వీపు వైపు చూశారు. "సరే, బుడగే కానివ్వండి. నువ్విటు తిరుగు."

మర్నాడు గుండె ఆపరేషన్లు చేసే ల్యాబులో మాస్టారు మత్తులో ఉన్నారు. ఎడమవైపు రెండు నాళాలూ, కుడివైపు కింది నాళమూ ఇబ్బంది లేకుండా అయ్యాయి. కుడివైపు పై నాళానికి బుడగ ఆనించాక నర్సు మాస్టారి పక్కటెముకల కింద చెయ్యి పెట్టింది.

"ఉంది. ఉంది. ఉంది."

అందరూ ఆ మాట మీదే పని చేస్తున్నారు. తెర మీద చలి అంకె దిగుతోంది. అంతలో చేతికింద ఎగురుడు మెత్తబడింది. పూర్తిగా పోలేదు. ఇప్పుడే ఆగిపోతే దడ దారి సగమే మూసుకుని, అది మళ్ళీ రావచ్చు. ఇంకాస్త చూద్దామంటే ఆ పొడుగు ఊపిరి పోవచ్చు. ఆమె 'ఉంది' అనకుండా పెదవులు బిగించింది.

"ఆపండి," అంది డాక్టరమ్మ. బుడగ వెంటనే ముడుచుకుంది. "ఉందా?"

"లేదు."

తట్లు పడుతూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం కదల్లేదు. చాలాసేపటికి నిద్రలో పసిపిల్ల కాలు కదిపినట్టు అరచేతికి ఏదో తగిలింది. మళ్ళీ తగిలింది.

"ఉంది," అంది నర్సు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "చిన్నగా ఉంది."

"ఇక్కడ ఇక చలి వద్దు. ములుకు గొట్టం ప్యాకెట్ తెరవండి. మిగిలినచోట, నరానికి దూరంగా, నాలుగు చుక్కలు పెడితే చాలు."

మర్నాడు పొద్దున ఎక్స్‌రే తెర ముందు మాస్టారు ముక్కుతో గట్టిగా గాలి పీల్చారు. ఊపిరి కండరం ఎడమవైపు చటుక్కున దిగింది. కుడివైపు కాస్త వెనకబడి, బద్ధకంగా దిగింది.

"తిరిగొస్తుందనే నా నమ్మకం. ఎన్నాళ్ళకంటే చెప్పలేను," అంది డాక్టరమ్మ. "గుండె మాత్రం తాళం తప్పడం లేదు."

"చివరికి రెండూ వాడారటగా?" అంది భార్య. "స్నానానికి వేడినీళ్ళలో చన్నీళ్ళు కలిపినట్టు. ఈయనకి అన్నీ ఇలాగే అమర్చాలి తల్లీ."

కొన్ని వారాలకు మాస్టారు పరీక్షకొచ్చారు. ఆయన లోపలుండగా, బయట బల్ల మీద ఆవిడ పక్కన నర్సు కూర్చుంది.

"వాయిస్తున్నారా పిన్నిగారూ?"

"మానితేగా! డాక్టరమ్మ సరేనన్న మర్నాడే మొదలు. పొద్దున్నే వరండాలో ఒక స్వరం పట్టుకుంటారు. ఇదివరకు ఆ ఒక్క ఊపిరి అయ్యేలోపు నేను ఈ చివరనుంచి ఆ చివరకు ఊడ్చేసేదాన్ని. ఇప్పుడు సగంలోనే అయిపోతోంది."

"అప్పుడు మీరేం చేస్తారు?"

"చీపురు పట్టుకుని నిలబడతా. ఆయన మళ్ళీ ఎత్తుకున్నాక ఊడుస్తా." ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నిన్న ఆ ఊపిరి వరండా సగం దాటి, అవతలున్న పడక్కుర్చీ కూడా దాటేదాకా వచ్చింది. ఆయనతో అనకు. పొంగిపోయి రోజంతా వాయిస్తారు."