బాకాకు దాహం వేసిన పూట

విన్నెబాలో అన్సా డోలు మీద పుల్ల పడిందంటే, అక్కడెక్కడో సాల్ట్‌పాండ్‌లో వలలోని చేపలు గంతులు వేసేవి. పడమటి ఆఫ్రికాలో మా గోల్డ్‌కోస్టు తీరమంతా గాలించినా అంత గొంతున్న డోలు మరొకటి లేదు.

అలాంటి డోలును అన్సా మేనల్లుడు బొండ్జీ తన డాన్సు బ్యాండులో చేర్చుకున్నాడు. బాకాలు, శాక్సోఫోన్ల పక్కన తాతలనాటి జంట డోలును నిలబెట్టడం మా వైపు అంతకుముందు ఎవరూ చేయని పని. తీరా సాధన మొదలయ్యాక, చేపల సంగతి దేవుడెరుగు, బొండ్జీ బాకా ఊదితే పక్కవాడికే డోలు వినపడలేదు.

శనివారం మధ్యాహ్నం క్లబ్బు పెరట్లో తొలి ఆట. ఇవాళ కూడా జనానికి డోలు వినపడకపోతే రేపటినుంచి ఇంట్లోనే వాయించుకోమని బొండ్జీ ముందే చెప్పేశాడు. పొద్దుటి నుంచి అన్సా డోలు తోలు బిగించిందే బిగిస్తున్నాడు.

వాయించే ముందు డోలుకు మందు పోయాలి, అది ఆనవాయితీ. అన్సా జిన్ను సీసా తీసి, ఒళ్లిచ్చిన చెట్టునూ తోలిచ్చిన ఏనుగునూ పిలిచి, నేల మీద కాస్త వదిలాడు.

"ఏం మావా, నీ డోలుకేనా దాహం? నా బాకా ఏం పాపం చేసింది?" అంటూ బొండ్జీ బాకాను అతని ముందుకు చాపాడు. వెనకవాళ్లు కిసుక్కుమన్నారు.

అన్సా నవ్వలేదు. ఇన్నాళ్లూ ఇంటికొచ్చిన చుట్టానికి మర్యాద చేయలేదే అని నొచ్చుకున్నాడు. "తల్లీ, నిన్ను కన్నవాళ్లెవరో నాకు తెలీదు. సముద్రం దాటొచ్చావు, ముందు గొంతు తడుపుకో," అని సీసా మొత్తం బాకా నోట్లో వంపేశాడు.

అంతలో జనం ఈలలు మొదలెట్టారు. వంచి పారబోసే వ్యవధి లేక బొండ్జీ బుగ్గలు పూరించి ఊదాడు. బాకా గుడగుడలాడి, ముందు వరుసలో కూర్చున్న చేపల బజారును ఏలే పెద్దమ్మ ఎఫువా న్యార్కోవా ముఖాన జిన్ను చిమ్మింది.

పెరడంతా చడీచప్పుడు లేదు. క్షమించమని నోటితో అడిగే ధైర్యం లేక అన్సా డోలుతో అడిగాడు; మా వైపు డోలు దెబ్బలతోనే మాటలు పలుకుతుంది. ఆమె అమ్మనూ అమ్మమ్మనూ బిరుదులతో సహా పలికించాడు. చివరి గోడ దగ్గర వేరుశెనక్కాయలు అమ్మే మనిషికి కూడా ప్రతి దెబ్బా వినపడింది.

పెద్దమ్మ పెదవులు నాకి, కాసేపు ఆలోచించి, పైగుడ్డ బిగించి లేచింది. ఆడుతూ వెళ్లి బాకా మూతి కింద గ్లాసు పట్టి, "ఆపావేంరా, ఊదు," అంది. దాంతో పెరడంతా లేచింది. ఒక పక్క బాకా గుడగుడ, ఒక పక్క డోలు.

ఆట ముగిశాక బొండ్జీ తడిసిన చొక్కా పిండుకుంటూ, "వచ్చే వారం పెందలాడే రా మావా. సీసా నేను తెస్తాలే," అన్నాడు.

చేపల గంతులు కోతలేనని మొదట్లోనే తేలిపోయింది. అవి పోగా నేను కల్పించింది గ్లాసు ఒక్కటే. బాకా కింద ఆవిడ పట్టింది నోరే.